వేలిగోరంత అట్ట మీద తెలుగు అక్షరం

మా మేనమామ ముప్పై ఏళ్ళు బళ్ళో తెలుగు చెప్పి, రిటైరయ్యాక మా జలదంకి చుట్టుపక్కల మెట్ట ఊళ్ళ మీద కథలు రాశారు. అచ్చు వేయించే స్తోమతు లేదు. వేయించినా ఐదు వందల కాపీలు మంచం కింద పేర్చుకుని, వచ్చిన చుట్టానికల్లా ఒకటి ఇచ్చే ఓపిక లేదు. అందుకని ఈ-పుస్తకం చేద్దామన్నారు. లోపలి పేజీలు నేను సర్దాను. అట్ట మాత్రం పెళ్ళి ఫ్లెక్సీలు వేసే ఒక షాపులో చేయించాం. గంటలో అయిపోయింది. వెనక కొండ, ముందు ఎద్దుల బండి, మూలన మామ పాస్‌పోర్టు ఫొటో, పైన పసుప్పచ్చ అక్షరాలకు ఎర్ర నీడ, ఆ నీడకు తెల్ల అంచు. కంప్యూటర్ తెర నిండా చూసినప్పుడు బాగుందనే అనుకున్నాం. యాప్‌లో పెట్టాక మామ తన ఫోన్లో చూశారు. వరసగా పేర్చిన బుల్లి అట్టల మధ్య గోధుమరంగు మరక ఒకటి ఉంది. "ఏంది అబ్బయ్యా, ఇందులో నా పుస్తకం యాడుంది?" అన్నారు.

ఆ మాటకు అప్పుడు నా దగ్గర జవాబు లేదు. అప్పట్నించి సొంతంగా ప్రచురించుకునే తెలుగు ఈ-పుస్తకాల అట్టల్ని పనిగట్టుకుని చూస్తున్నాను. డిటిపి చేసేవాళ్ళతో, బొమ్మలేసేవాళ్ళతో, రచయితలతో మాట్లాడుతున్నాను. ఇంతా చూశాక నాకు గట్టిగా అనిపించేది ఒకటుంది. ఈ-పుస్తకానికి అట్ట అలంకారం కాదు, ఒళ్ళు. మన భాషలో ఆ ఒంటికి ప్రాణం బొమ్మలో కన్నా అక్షరంలో ఎక్కువుంది. ఈ రెండో సంగతే మనం పట్టించుకోవడం లేదు.

అచ్చు పుస్తకానికి బరువుంది, వాసనుంది. వెన్ను మీద పేరుంటుంది, వెనక అట్ట మీద నాలుగు మంచి మాటలుంటాయి. మధ్యలో తెరిచి ఒక పేరా చదివి చూడొచ్చు. పైగా మన దగ్గర సొంత ప్రచురణ అంటే మనిషి ద్వారా సాగే వ్యవహారం. ఆవిష్కరణ సభ పెట్టుకుంటాం, పుస్తకం సంచిలో వేసుకుని తిరుగుతాం, కావలిలోనో నెల్లూరులోనో తెలిసినవాళ్ళ చేతిలో పెడతాం. అట్ట ఎలా ఉన్నా, రచయిత ముఖం చూసి తీసుకుంటారు. తెర మీద ఆ ముఖం ఉండదు. డల్లాస్‌లో ఉన్న మన పిల్లవాడు రాత్రి పడుకోబోయే ముందు ఫోను పైకి తోస్తూ పోతుంటాడు. ఆ తోపులో పుస్తకానికి దక్కేది ఒక్క చూపు. సభలో అధ్యక్షుడు, వక్త, రచయిత కలిసి చేసే పని అక్కడ అట్ట ఒక్కటే చేయాలి.

సరుకున్న పుస్తకానికి అట్టతో పనేంటని అడిగే పెద్దలున్నారు. వాళ్ళ వాదన తేలిగ్గా తీసేయదగింది కాదు. 1854లో మద్రాసులో మొదలైన వావిళ్ళ వారి ప్రచురణలు ఎక్కువగా అక్షరాల అట్టతోనే తరతరాల ఇళ్ళలో నిలిచాయి. ఎవరూ బొమ్మ కోసం వావిళ్ళ భారతం కొనలేదు. అయితే అక్కడ ఆ సంస్థ పేరే పూచీ. వావిళ్ళ అన్న మాట చూస్తే పాఠం శుద్ధంగా ఉంటుందని నమ్మకం. సొంతంగా పెట్టుకున్న ఈ-పుస్తకానికి అలాంటి పూచీ ఎవరిస్తారు? రచయిత పేరు కొత్త, ప్రచురణ సంస్థ లేదు, సమీక్ష రాలేదు. ఈ పనిలో ఎంత శ్రద్ధ పెట్టారో పాఠకుడు అట్టను బట్టే లెక్కేసుకుంటాడు. పేరులోనే అచ్చుతప్పు ఉంటే లోపల ఎన్నుంటాయోనని భయపడతాడు. ఆ భయం న్యాయమైనదే.

ఇంకో సంగతి. మంచి అట్ట అంటే బొమ్మ ఉండి తీరాలని కూడా లేదు. 1935లో ఇంగ్లండులో ఆలెన్ లేన్ పెంగ్విన్ పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు ఆరు పెన్నీల ధర పెట్టి, బొమ్మల్లేకుండా మూడు పట్టీల అట్ట వేశాడు. నవలకు నారింజ, నేరకథకు ఆకుపచ్చ, జీవితచరిత్రకు ముదురు నీలం. దూరం నుంచి రంగు చూసి ఏ కోవ పుస్తకమో చెప్పేయొచ్చు. 1947లో అక్షరకూర్పు నిపుణుడు యాన్ చిహోల్డ్ వచ్చి ఆ పట్టీల్లోని అక్షరాల మధ్య ఖాళీలను వెంట్రుకవాసి లెక్కల్లో సరిచేశాడు. నైపుణ్యమంటే ఇదే. ఎంత వేశాం అన్నది కాదు, ఏది ఎక్కడ ఉంచాం అన్నది.

మనకూ అలాంటి కాలం ఒకటుంది, మనం దాన్ని సరిగా చదువుకోలేదు. 1960లలో ఎమెస్కో పాకెట్ పుస్తకాలు ఇంటింటికీ వెళ్ళాయి. ఆ రోజుల నుంచి 2014లో కన్నుమూసేదాకా బాపు ఎన్ని అట్టలు వేశారో లెక్క కట్టడం కష్టం. ఆయన అట్టల్లో అందరూ బొమ్మను మెచ్చుకుంటారు. నేను మాత్రం అక్షరాలను చూడమంటాను. బొమ్మ గీసిన చెయ్యే పేరు కూడా రాసింది. గీతలో ఉన్న ఒంపే అక్షరంలోనూ ఉంది. అందుకే బొమ్మా పేరూ ఒకే మనిషి ఒకే గొంతుతో మాట్లాడినట్టుంటాయి. ఆ చేతిరాత తర్వాత ఫాంటు కూడా అయింది, శుభలేఖల దాకా పోయింది. వడ్డాది పాపయ్య చందమామ, యువ పత్రికలకు వేసిన ముఖచిత్రాల్లో రంగు ప్రధానం. చిత్రకారులు చంద్ర, మోహన్ వేసిన అట్టల్లో విషయం మీద సొంత అభిప్రాయం కనిపిస్తుంది, రచన చదివి దానికి జవాబు చెప్పినట్టు వేసేవారు. మోహన్ 2017లో పోయారు, చంద్ర 2021లో. 1981లో లండన్ నుంచి గూటాల కృష్ణమూర్తి మహాప్రస్థానాన్ని శ్రీశ్రీ చేతిరాతతోనే అచ్చు వేశారు. తెలుగు అక్షరానికి తనకంటూ ఒక ముఖం ఉందని ఆ పని చెప్పింది.

తర్వాత డిటిపి వచ్చింది. దాని మేలు దానిదే. మా కావలి లాంటి ఊళ్ళో కూర్చుని పుస్తకం తయారు చేసుకునే వీలు దానివల్లే వచ్చింది. పేజ్‌మేకర్, కోరల్ డ్రా, అను ఫాంట్లు తెలిసిన మనిషి ఒకడుంటే చాలు. కానీ అట్ట రాసే చెయ్యి అక్కడే తప్పిపోయింది. నవలకైనా, పంచాంగానికైనా, పదో తరగతి గైడుకైనా అవే నాలుగైదు ఫాంట్లు, అవే నీడలు, అవే అంచులు. పుస్తకానికీ కరపత్రానికీ తేడా చెరిగిపోయింది.

ఇప్పుడు ఫాంట్లు లేవనే మాట చెల్లదు. సిలికానాంధ్ర వాళ్ళు విడుదల చేసిన యూనికోడ్ ఫాంట్లు ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. రామభద్ర, సూరన్న, పెద్దన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, గిడుగు, గురజాడ, మండలి. పేర్లే ముచ్చటగా ఉంటాయి. వాటికి తోడు హింద్ గుంటూరు, బాలూ తమ్ముడు, అనేక్ తెలుగు, టైరో తెలుగు, నోటో వచ్చాయి. రామభద్ర లావుగా నిలబడుతుంది, చిన్న సైజులోనూ చదవొచ్చు. టైరో తెలుగు పాత అచ్చు పుస్తకం అందాన్ని గుర్తుచేస్తుంది, కానీ సన్నగీతలు అట్ట కుదించగానే పోతాయి. హాస్యకథలకు పనికొచ్చే ఫాంటు కరువు కథలకు పనికిరాదు. ఈ ఎంపిక చేయగలగడమే సగం వృత్తి.

సాఫ్ట్‌వేర్ చిక్కు కూడా ఒకటుంది. యూనికోడ్ తెలుగును పాత ఫొటోషాప్‌లోనో ఇన్‌డిజైన్‌లోనో మామూలు సెట్టింగులతో పెడితే ఒత్తులు విడిపోతాయి. 'పద్మ' రాస్తే ద పక్కన పొల్లు, ఆ పక్కన మ నిలబడతాయి. వరల్డ్-రెడీ అనే కూర్పు పద్ధతిని ఎంచుకుంటే సర్దుకుంటుంది. తెలుగు చదవడం రాని డిజైనరుకు ఆ తప్పు కనపడదు. బెంగుళూరులోనో విదేశంలోనో తక్కువకు చేసిపెట్టేవాళ్ళు దొరికారని సంబరపడి, పేరే విరిగిన అట్టను పెట్టుకున్న పుస్తకాలు నేను చూశాను. మన అట్టకు తెలుగు చదవగలిగే కన్ను తప్పనిసరి.

అసలు సమస్య సైజులో ఉంది. అమెజాన్ తన సొంత ప్రచురణ రచయితలకు చెప్పే కొలత ఎత్తు 2,560, వెడల్పు 1,600 పిక్సెళ్ళు. వెడల్పు కన్నా ఎత్తు 1.6 రెట్లు. మన డెమ్మీ సైజు పుస్తకానికి ఇది దగ్గరే. కానీ అంత బొమ్మను పాఠకుడు చూసేది ఫోన్లో వేలిగోరంత అయ్యాక. రోమన్ లిపికి ఆ కుదింపు కొంత ఓర్చుకునే గుణముంది. మన లిపి అలా కాదు. అక్షరం నెత్తిన తలకట్టు, గుడి, ఏత్వం. కింద ఒత్తు, ఆ ఒత్తు కింద ఒక్కోసారి మరో ఒత్తు. 'లక్ష్మి' అన్న పేరు నిలువునా ఎంత చోటు తింటుందో చూడండి. చోటు సరిపోదని మొత్తం కుదిస్తే ముందు పోయేది చుక్కలూ, చిన్న గీతలూ. మన అక్షరాలకు తేడా ఉన్నదే వాటిలో. థ లోపలి చుక్క పూడిపోతే 'కథ' కాస్తా 'కధ' అవుతుంది. భ, బ కలిసిపోతాయి. ప, ష ఒకటిగా కనిపిస్తాయి. వీటికి నీడా అంచూ తోడైతే మా మామ పుస్తకం లాగా మరకే మిగులుతుంది.

ఈ చిక్కుకు జవాబు వెతుకుతుంటే నాకు మా పక్కనే కలిగిరి మండలంలోని దూబగుంట గుర్తొస్తుంది. 1990ల మొదట్లో అక్కడి ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. అక్షరాస్యత ఉద్యమంలో చదువుకున్న పాఠం ఆ తెగువకు ఒక నిప్పురవ్వ అని దేశమంతా చెప్పుకున్నారు. పెద్దవాళ్ళ కోసం చేసే వాచకాల్లో అక్షరం లావుగా, పేజీకి మాటలు తక్కువగా, మాటకు తగ్గ బొమ్మ ఒక్కటిగా ఉంటుంది. పగలంతా పొలంలో వంగి, రాత్రి బల్బు కింద కూర్చున్న కంటికి ఆ పద్ధతే అందుతుంది. ఫోను తెర మీది చూపు కూడా అలసిన చూపే. దాని కోసం అట్ట చేసేవాళ్ళు వయోజన వాచకాల నుంచి నేర్చుకోవాలని నేను మనస్ఫూర్తిగా అంటాను. పేరు రెండు మూడు మాటల్లో ఉండాలి. ఉదయగిరి బస్సు మలుపు తిరుగుతుండగా నెత్తిన బోర్డు ఎలా చదువుతామో అలా చదవగలగాలి.

బొమ్మ విషయానికొస్తే, పల్లె కథ అనగానే ఎద్దుల బండి, కొబ్బరి చెట్టు, సూర్యాస్తమయం పెట్టేస్తున్నారు. మా మెట్టలో కొబ్బరి తోటలెక్కడివి? ఉదయగిరి కొండ అంచు ఒక్క గీతలో గీస్తే ఈ ప్రాంతం వాడు చప్పున గుర్తుపడతాడు. ఉదయగిరిలో చెక్కతో గరిటెలు చేస్తారు, కాడ మీద సన్నని నగిషీ చెక్కుతారు. అలాంటి గరిటె ఒక్కటి తెల్ల అట్ట మీద పెడితే ఒక వంటింటి నవలకు అంతకన్నా ఏం కావాలి? అయితే తెల్ల అట్ట పెడితే తెల్ల తెర మీద అంచు కనిపించదు. మూడు నాలుగు పిక్సెళ్ళ బూడిదరంగు గీత చుట్టూ గీయమని అమెజానే చెబుతుంది. ఇంకోటి, చాలా ఈ-ఇంకు తెరల మీద చదివేవాళ్ళకు రంగులు ఉండవు. ఆకుపచ్చ మీద ఎరుపు అక్షరం రంగుల్లో కొట్టొచ్చినట్టుంటుంది, బూడిదలో రెండూ కలిసిపోతాయి. అట్టను ఒకసారి నలుపు-తెలుపులో చూసుకోవడానికి నిమిషం పట్టదు. అచ్చు కోసం సియంవైకె రంగుల్లో చేసిన ఫైలును అలాగే తెర మీద పెట్టకుండా ఆర్‌జిబిలోకి మార్చి చూసుకోవడమూ అంతే.

ఇవన్నీ సరే, తెలుగు ఈ-పుస్తకానికి అంగడి ఎక్కడుందని అడగాలి. 2010లో కినిగె మొదలైంది. తెలుగు ఈ-పుస్తకాన్ని కొనడమే కాదు, అద్దెకు తీసుకునే వీలూ కల్పించింది. 2014లో బెంగుళూరు కేంద్రంగా ప్రతిలిపి వచ్చింది, తెలుగులో రాసేవాళ్ళకు, ముఖ్యంగా ఆడవాళ్ళకు, వేదికైంది. అక్కడ అట్ట బొమ్మ రచయితే పెట్టుకోవాలి. గూగుల్ ప్లే బుక్స్‌లో తెలుగు పుస్తకాలు దొరుకుతాయి. అమెజాన్ వాళ్ళ కిండిల్ సంగతే బాధ కలిగించేది. 2016 డిసెంబరులో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలకు అది తలుపు తెరిచింది. ఆ ఐదింటిలో తెలుగు లేదు. మా ఊరి నుంచి మూడు గంటలు ప్రయాణిస్తే వచ్చే తమిళనాడులో రచయిత తన నవలను కిండిల్ మీద ప్రపంచమంతా అమ్ముకోగలడు. మన రచయితకు ఆ దారి మూసి ఉంది. అట్టల్లో వృత్తి నైపుణ్యం పెరగకపోవడానికి నాకు తోచిన పెద్ద కారణం ఇదే. అమ్మకం నాలుగైదు చిన్న చోట్లకు చీలిపోతే డిజైనరుకు ఇవ్వడానికి రచయిత దగ్గర డబ్బు మిగలదు. ఇది రచయితల బద్ధకం అని తిట్టేవాళ్ళతో నేను ఏకీభవించను.

డబ్బు లేనప్పుడు దొరికిన బొమ్మ తీసుకోవడం జరుగుతుంది. ఇక్కడ చట్టం తెలుసుకోవాలి. మన దేశంలో చిత్రకారుడు పోయిన తర్వాత అరవై ఏళ్ళ దాకా హక్కులుంటాయి. వడ్డాది పాపయ్య 1992లో పోయారు, అంటే 2052 ముగిసేదాకా ఆయన బొమ్మను అడగకుండా అట్టకెక్కించడం తప్పు. బాపు బొమ్మలకు 2074 దాకా. కానీ రవివర్మ 1906లో, దామెర్ల రామారావు 1925లో, అడివి బాపిరాజు 1952లో పోయారు. వాళ్ళ చిత్రాలకు ఆ గడువు తీరింది. రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల ముప్పై ఏళ్ళు నిండకుండానే వేసిన బొమ్మలు మన అట్టల మీద ఎందుకు కనిపించవో నాకు అర్థం కాదు. చిత్రకారుడితో కొత్తగా వేయించుకున్నా కాగితం రాసుకోవాలి. హక్కుల బదిలీ పత్రంలో గడువు రాయకపోతే ఐదేళ్ళకే ఇచ్చినట్టు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే ఇచ్చినట్టు మన కాపీరైటు చట్టం భావిస్తుంది. ఈ-పుస్తకం పెట్టిన రోజే అమెరికాలోనూ ఆస్ట్రేలియాలోనూ అమ్మకానికి రావచ్చు. ఆ రెండు మాటలు రాసుకోకపోతే తర్వాత ఇద్దరికీ ఇబ్బంది.

2022 నుంచి కృత్రిమ మేధ బొమ్మలు వచ్చిపడ్డాయి. మాట చెబితే నిమిషంలో అట్ట. డబ్బు లేని రచయిత దాని వైపు చూస్తే నేను తప్పు పట్టలేను. కానీ చిక్కులు తెలిసి చూడాలి. 2023 సెప్టెంబరు నుంచి అమెజాన్ అట్టతో సహా అలాంటి సరుకును ముందే చెప్పమంటోంది. అదే ఏడాది అమెరికా కాపీరైటు కార్యాలయం ఒక బొమ్మల పుస్తకం విషయంలో, యంత్రం చేసిన బొమ్మలకు హక్కు ఇవ్వలేమంది. అంటే మన అట్టను ఇంకొకరు ఎత్తుకుపోతే అక్కడ అడగడానికి ఆధారం బలహీనం. అన్నిటికన్నా నాకు బాధగా అనిపించేది వేరే ఉంది. అవి గీసే మన పల్లె ఎక్కడిదో తెలియదు, చీరకట్టు మనది కాదు. తెలుగు అక్షరాలు రాయమంటే చాలాసార్లు లేని అక్షరాలు పుట్టించాయి. అక్షరమే ప్రాణమైన చోట అది చిన్న లోపం కాదు.

మామ పుస్తకానికి రెండో అట్ట చేయించే వేళకు ఇవన్నీ తెలిశాయి. పట్నంలో పేరున్న డిజైనర్లను అడిగితే వాళ్ళ కష్టానికి తగ్గ ధరే చెప్పారు, మాకు అందలేదు. అప్పుడు కావలిలో బోర్డులు రాసే పెయింటర్ గుర్తొచ్చారు. ఫ్లెక్సీలు రాకముందు ఈ చుట్టుపక్కల కిరాణా కొట్లు, సినిమా హాళ్ళు, ఎరువుల షాపులు, ఎన్నికల గోడలు, అన్నీ ఇలాంటి చేతులే రాశాయి. రోడ్డు అవతలి నుంచి, కదిలే బండిలోంచి చదవగలిగే తెలుగు అక్షరం రాయడం వాళ్ళ వృత్తి. ఏ ఒత్తును ఎక్కడ నొక్కాలో, ఏ తలకట్టును పొడుగు లాగాలో వాళ్ళకు చేతిలో ఉంది. వేలిగోరంత అట్టకు కావలసిన చదువు సరిగ్గా అదే.

ఆయన మొదట ఒప్పుకోలేదు. పుస్తకం అంటే భయపడ్డారు. నేను ఫోన్లో మరక లాంటి ఆ మొదటి అట్ట చూపించాను. కాసేపు చూసి, "అచ్చరం ఊపిరాడకుండా ఉందయ్యా" అన్నారు. డ్రాయింగ్ షీటు మీద బ్రష్షుతో పుస్తకం పేరు పదకొండు రకాలుగా రాశారు. ఏడోది మామకు నచ్చింది. దాన్ని స్కాన్ చేసి, గీతల రూపంలోకి మార్చి, మట్టిరంగు మీద తెల్లగా నిలబెట్టాం. కింద కొండ అంచు ఒకే ఒక్క గీత. మామ ఫొటో తీసేశాం, ఆయన ఏమీ అనలేదు. ఫోనును చెయ్యి చాచి దూరంగా పట్టుకుని, కళ్ళద్దాలు తీసేసి, పేరు పైకి చదివారు.

బయల్దేరబోతుంటే పెయింటర్ అడిగారు, "నేను రాసిన బోర్డుల కింద మూలన నా పేరు వేసుకునేవాణ్ణి. దీంట్లో యాడేస్తారు సార్?"

రెండో పేజీలో, రచయిత పేరు కిందే వేశాం. 'అట్ట మీది అక్షరాలు' అని రాసి, పక్కన ఆయన పేరూ ఊరూ.